గరుడాంగదుడి ట్రంకుపెట్టె

ప్రాజెక్టు క్యాంపు, అరుణాచల్ ప్రదేశ్
8 జూన్ 2025

అక్కయ్యకు,

భార్గవ్ దణ్ణాలు. బావగారికి సగం దణ్ణాలే. పోయిన సెలవులో నేను దాచుకున్న జీళ్ళు తినేసినందుకు మిగతా సగం కోత.

ఇక్కడ వాన. పోయిన ఉత్తరంలోనూ వానే అని రాశాను. అదే వాన, ఇంకా వెలవలేదు. ఫోను పట్టుకుని కొండెక్కితే ఒక గీత చూపిస్తుంది, హలో అనగానే చెరిపేసుకుంటుంది. ఫొటో పంపితే చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. కాబట్టి వారానికోసారి వచ్చే జీపు సంచే గతి. నీకూ ఇదే ఇష్టం కదా. ఫోనులో మాటలు వండకుండా వడ్డించినట్టుంటాయి అంటావు.

ఇక అసలు సంగతి. ఈ ఆనకట్ట దసరాకి పూర్తవుతుంది. కంపెనీ నన్ను ఇంకా పైకొండ మీదికి, కొత్త ఆనకట్టకి పొమ్మంటోంది. ఔనో కాదో ఆగస్టు ఆఖరుకల్లా చెప్పాలి. ఔనంటే మళ్ళీ ఏడెనిమిదేళ్ళు. నాకు నలభై ఎనిమిది, అక్కయ్యా. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ రేకుల గదులే. పెళ్ళికి కూడా తీరిక చిక్కలేదు. నాకు ఇల్లంటే అమీర్‌పేటలో మీ వెనక గది. ఇంటికి రావాలని ఉంది.

వచ్చి ఏం చేస్తావంటావు. పోయిన సెలవులో పంజాగుట్టలో ఒక కామిక్స్ షాపు చూశాను. నడిపేవాడు విక్రమ్. పాత బొమ్మల కథల పుస్తకాలు, వీరుల బొమ్మలు కొంటాడు, అమ్ముతాడు. మాటల్లో నా గరుడాంగదుడి సంగతి వచ్చింది. గుర్తుందా, మద్రాసు నుంచి నెలనెలా వచ్చేది, అన్నం చల్లారిపోతున్నా వదిలేవాణ్ణి కాదు. మొదటి సంచిక నుంచి ఆఖరిదాకా ఎవరి దగ్గరా లేవట. విక్రమ్ కుర్చీలోంచి లేచాడు. "అన్నా, ఆ సెట్టు గిన కొత్తవాటి లెక్క ఉంటే నువ్వు నాకు పార్ట్‌నర్‌వి. అద్దాల పెట్టెల పెడదాం. చూసెటందుకే యాడయాడికెళ్లో వస్తరు జనం" అన్నాడు. కొత్తవాటిలాగే ఉంటాయని మాటిచ్చాను. మా అక్కయ్య దగ్గరున్న వస్తువు పాతబడదని కూడా అన్నాను.

అటక మీంచి ట్రంకుపెట్టె దింపించి అతనికి చేరుస్తావా? తడి చెయ్యి వద్దు, మడత వద్దు, దారం కట్టొద్దు.

నీ తమ్ముడు,
భార్గవ్

*

అమీర్‌పేట
20 జూన్ 2025

చిరంజీవి భార్గవ్‌కు,

అమ్మవారి దయ నీ మీద ఉండాలి.

పెట్టె అటక మీద లేదు. ఎలకలు తిరుగుతాయని ఎప్పుడో దింపించాను. పూజగదిలో ఉంది. కలరా ఉండలు వెయ్యలేదు, ఆ వాసనకి నీకు తుమ్ములు. వేపాకు వేస్తున్నాను. పుస్తకాలన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కదాని మూల కూడా నలగలేదు.

మీ బావగారు చదువుతానన్నారు. రిటైరయినప్పటి నుంచీ ఆయనకి పేపరు తొందరగా అయిపోతోంది. రోజుకొకటి ఇస్తున్నాను.

మనిషిని చూడకుండా వస్తువు పంపకూడదు. నిన్న షాపుకి వెళ్ళొచ్చాను. పంజాగుట్ట చౌరస్తా దాటాక సందులో, కళ్ళజోళ్ళ షాపు పైన. మెట్లు ఇరుకు. లోపల చల్లగా ఉంది. గోడల నిండా వీరులు. అందరూ ప్లాస్టిక్ కవర్లలో, డబ్బాల్లో. ఒకాయన ఒక బొమ్మ కొన్నాడు. డబ్బా ఎప్పుడు తెరుస్తారని అడిగాను. "తెరవనండీ" అన్నాడు. ఎందుకని అడగలేదు. మొక్కేమో.

నేనొక పుస్తకం అందుకోబోతే విక్రమ్ పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, జర ఆగుండ్రి. గ్లౌజులు తొడుక్కోవాలె. చెమట తగిలితే ఖరాబైతది. అసలైతే కవరు తియ్యనే వద్దు." నా మనసు కుదుటపడింది. ఇది మడి. నాయనమ్మ ఆవకాయ జాడీ దగ్గర ఇంతే కదా. తడి చెయ్యి తగలకూడదు, గాలి సోకకూడదు, అడక్కుండా మూత తియ్యకూడదు. శ్రద్ధ గల పిల్లవాడు. ఇల్లు బల్కంపేటలో. వాళ్ళమ్మ చంద్రమ్మ ఏటా ఎల్లమ్మకి బోనం ఎత్తుతుందట.

ఎల్లమ్మ కల్యాణం, బోనాల రద్దీ తగ్గాక మంచిరోజు చూసి స్వామిని పంపిస్తాను.

వేళకి తిను.

అక్కయ్య
ఛాయాదేవి

*

క్యాంపు
4 జూలై 2025

అక్కయ్యకు,

నీ ఉత్తరం చదివి గదిలో గంతులేశాను. రేకుల చప్పుడుకి పక్కగది వాడు కొండచరియ విరిగిందనుకుని బయటికి పరుగెత్తాడు.

కానీ కొన్ని సందేహాలు. బావగారికి రోజుకొకటి ఇవ్వడమేమిటి? ఆయన పెసరట్టు తింటూ పేపరు చదివితే ఆ పేపరుతో మర్నాడు పెనం తుడుచుకోవచ్చు. కాఫీ గ్లాసు ఎంత దూరంలో ఉంటోంది? ఆయనకి గ్లౌజులు తొడుగు. ఒప్పుకోకపోతే నువ్వే చదివి వినిపించు.

ఇంకొకటి. స్వామి ఏమిటి? గరుడాంగదుడు దేవుడు కాడు, అక్కయ్యా. బీమా కంపెనీలో గుమాస్తా. పగలు లెక్కలు రాస్తాడు, ఆఫీసు వదిలాక రెక్కలు తగిలించుకుని దొంగల్ని పట్టుకుంటాడు. ఆ కిరీటం నాటకాల కంపెనీ నుంచి అద్దెకి తెచ్చుకున్నది. అద్దె అడగడానికి కంపెనీవాడు కథంతా వెంటపడుతూనే ఉంటాడు పాపం.

నవ్వులాటకి రాశాను కానీ ఇది మాత్రం సరిగ్గా చూసి చెప్పు. అట్టల మీద మరకలేమైనా ఉన్నాయా? పెన్ను గీతలు, చెమ్మ, నూనె? విక్రమ్‌కి నేనిచ్చిన మాటంతా ఆ అట్టల మీదే ఉంది. అట్టలు బాగుంటే ఇంటికొస్తాను. లేకపోతే పైకొండకి పోతాను.

భార్గవ్

*

అమీర్‌పేట
22 జూలై 2025

చిరంజీవి భార్గవ్‌కు ఆశీస్సులు.

మరకలు లేవు. పెన్ను గీతలు లేవు. చెమ్మ, నూనె లేవు. ఒక్కొక్కటీ తీసి చూశాను.

మీ బావగారు చదివేటప్పుడు కాఫీ గ్లాసు వంటింట్లోనే ఉంచుతున్నాను. గుక్క గుక్కకీ లేచి వెళ్ళొస్తున్నారు. డాక్టరు నడవమన్నాడు. మంచిదే.

గుమాస్తా అయితే ఏం? దుష్టశిక్షణ చేస్తున్నాడు కదా.

నిన్న పెట్టె ఇచ్చేశాను. ఆటో మొగిలయ్య పెట్టె వెనక పెడతానన్నాడు. వద్దని ఒళ్ళో పెట్టుకున్నాను. "బంగారమా ఏందమ్మా?" అన్నాడు. మా తమ్ముడి పుస్తకాలన్నాను. "గంతేనా!" అన్నాడు. అన్నాడే కానీ ఫ్లైఓవర్ కింద గుంతలన్నీ తప్పించి నెమ్మదిగా పోనిచ్చాడు.

ముందురోజే బోనాలు. విక్రమ్ నుదుటి మీద పసుపు ఇంకా ఉంది. "ఇయాల చేతులకు పసుపున్నదమ్మా. రేపు తానం జేసి గ్లౌజులేసుకొని తెరుస్త" అన్నాడు. సంతోషించాను. నేల మీద పెట్టొద్దన్నాను. కుర్చీ మీద పెట్టి తను నిలబడ్డాడు.

పెట్టె ఉన్న చోటు ఖాళీగా ఉంది. దీపం వెలుతురు గోడ దాకా పోతోంది.

గొడుగు మరిచిపోకు.

అక్కయ్య

*

క్యాంపు
3 ఆగస్టు 2025

అక్కయ్యకు,

సిమెంటు లారీ కోసం కింద ఊరికి దిగితే ఫోను ఒక్కసారిగా బతికింది. బతికి విక్రమ్ మెసేజ్ చూపించింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"అన్నా, పెట్టె తెరిచిన. ప్రతి అట్ట మీద ఎర్ర మచ్చలున్నయ్, దాని సుట్టు పసుపు రంగు. లోపలి పేజీలు మస్తుగున్నయ్ గని అట్టలు పోయినయ్. అద్దాల పెట్టెల పెడితే సూడవచ్చినోళ్ళు నవ్వుతరు. కొత్తవాటి లెక్క ఉన్నయన్నవ్ గదనే. ఇప్పుడేం జేద్దాం జెప్పు."

మధ్యలో ఎరుపు, చుట్టూ పసుపు. అక్కయ్యా, ఇది ఆవకాయ. మధ్యలో కారం, చుట్టూ నూనె ఊట. పరిశోధన అక్కర్లేదు. ఆ ఇంట్లో ఆవకాయ చేత్తో పుస్తకం ముట్టుకునే మహానుభావుడు ఒక్కరే. అదీ ఒకటి కాదు రెండు కాదు, ఒక్క అట్ట కూడా వదల్లేదు! ఆ ఓపిక బ్యాంకులో చూపించి ఉంటే హనుమత్ప్రసాద్ బావగారు ఈపాటికి జనరల్ మేనేజరుగా రిటైరయ్యేవారు.

నువ్వు మరకల్లేవని రాశావు. ఆయన్ని వెనకేసుకురావడానికే రాశావు. నిన్నేమీ అనను. కానీ విక్రమ్ ముందు నేను అబద్ధాలకోరునయ్యాను.

పైకొండకి వస్తానని కంపెనీకి ఉత్తరం రాశాను. జీపు సంచిలో వెయ్యబోతే చెయ్యి రాలేదు. జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆఖరి తేదీకి వేసేస్తాను.

భార్గవ్

*

అమీర్‌పేట
12 ఆగస్టు 2025

చిరంజీవి భార్గవ్‌కు ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ బావగారే ముందు చదివారు. ఆవకాయ జాడీ ఎత్తి ఎదురింటి సుమశ్రీకి ఇచ్చేసి వచ్చారు. అప్పటి నుంచి పెరుగన్నమే. అందులో ఉప్పు కూడా వేసుకోవడం లేదు.

ఆయన్ని అనకు. అది ఆవకాయ కాదు. పసుపు, కుంకుమ. నేను పెట్టిన బొట్టు.

ఏటా దసరాల్లో మూలా నక్షత్రం రోజు సరస్వతీ పూజలో ఇంట్లో ఎవరి పుస్తకం వాళ్ళు పెట్టాలి. నేను స్తోత్రాల పుస్తకం పెడతాను. మీ బావగారు బ్యాంకు పరీక్షల పుస్తకం పెడతారు, రిటైరయినా. నీ కాలేజీ పుస్తకాలు నువ్వు తర్వాతి పిల్లలకి ఇచ్చేశావు. నీవని ఇంట్లో మిగిలినవి ఇవే. నువ్వు ఊళ్ళో లేవు. నీ పేరు చెప్పి ఏదో ఒకటి అమ్మవారి ముందు పెట్టాలి కదా. నువ్వు ఉద్యోగానికి వెళ్ళిన ఏడు మొదలుపెట్టాను. ప్రతి పుస్తకానికీ బొట్టు. పాతది చెదిరితే దాని మీదే కొత్తది.

మరకలున్నాయా అని అడిగావు. బొట్టు మరకని నాకు తోచలేదు. ఇప్పటికీ తోచడం లేదు. కానీ నీ మాట పోయింది. అది అర్థమైంది.

జేబులోది జేబులోనే ఉంచు. ఆదివారం షాపుకి వెళ్తున్నాను.

మీ బావగారికి వేరే కార్డు రాయి.

అక్కయ్య

*

అమీర్‌పేట
18 ఆగస్టు 2025

చిరంజీవి భార్గవ్‌కు ఆశీస్సులు.

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను.

నిన్న వెళ్ళాను. విక్రమ్ లేచి కుర్చీ వేశాడు కానీ ముఖం చిన్నబోయి ఉంది. బొట్టు సంగతి చెప్పాను.

"మా అమ్మ సుత నా కంప్యూటర్‌కు పెడ్తదమ్మా. స్క్రీన్ నడుమనే. జర మూలకు పెట్టమంటే ఇనదు" అన్నాడు.

తుడిస్తే పోదా అన్నాను.

"కంప్యూటర్‌కైతే పోతది. కాయితానికి పోదమ్మా, తుడిస్తే ఇంకింత ఖరాబైతది. అద్దాల పెట్టెకు ఆర్డర్ ఇచ్చిన. వద్దని జెప్పాలె. అన్నకు ఏం జెప్పాలెనో సమజైత లేదు."

పెట్టె తీసుకుపొమ్మని అతను అనలేదు. నేనూ లేవలేదు. జపమాల తీసుకుని కూర్చున్నాను.

జనం వస్తున్నారు. ప్లాస్టిక్ మీద వేలు పెట్టి ఒకరికొకరు చూపించుకుంటున్నారు. ధర అడిగి వెళ్ళిపోతున్నారు. ఎవరూ ఏదీ తెరవరు. అన్ని కథలున్న చోట చదివేవాళ్ళు లేకపోవడం వింతగా అనిపించింది.

అప్పుడు రవికాంత్ అని ఒకాయన వచ్చాడు. నీ వయసే. బేగంపేటలో ఉద్యోగమట. గరుడాంగదుడి సెట్టు వచ్చిందని ఎవరో చెప్పారట. విక్రమ్ మొహమాటంగా పెట్టె మూత తీశాడు. ఆయన ఒక పుస్తకం తీసి, "అరె, బొట్టు పెట్టారేంటి?" అన్నాడు. అయిపోయిందనుకున్నాను. ఆయన మాత్రం దాన్ని పెట్టెలో పడెయ్యలేదు. అలవాటు కొద్దీ కళ్ళకద్దుకున్నాడు. బొట్టున్న పుస్తకం కదా. ఆ తర్వాత, "తెరిచి చూడొచ్చా?" అన్నాడు.

"ఇంక గ్లౌజులెందుకు సార్. సూడుండ్రి" అన్నాడు విక్రమ్.

ఆయనకి దొంగలు గరుడాంగదుణ్ణి పాడుబావిలో పడేసిన దాకా తెలుసట. ఆ తర్వాతి నెల వాళ్ళ నాన్నకి బదిలీ అయింది. వెళ్ళిన ఊళ్ళో ఆ పుస్తకం దొరికేది కాదు. "చిన్నప్పటి నుంచి వాడు బావిలోనే ఉన్నాడండీ" అన్నాడు నాతో. పై సంచిక తీసిచ్చాను. నిలబడి మొదలుపెట్టాడు. స్టూలు మీద కూర్చున్నాడు. అక్కణ్ణించి నేల మీదికి దిగాడు. నాటకాల కంపెనీవాడు కిరీటం అద్దె కోసం బావి దాకా వచ్చి, తాడేసి పైకి లాగుతాడే, అక్కడ ఎంత గట్టిగా నవ్వాడంటే బొమ్మలు చూస్తున్నవాళ్ళందరూ చుట్టూ చేరారు. ఒకరి భుజం మీంచి ఒకరు. కుర్రవాళ్ళకి ఆ కథ తెలియదు. ఆయనే చెప్పాడు. రెక్కలు మామగారు పెట్టారన్నాడు. నాకు నిజమేమిటో తెలియక ఊరుకున్నాను. మీ బావగారైతే ఊరుకునేవారు కారు.

వెళ్ళేటప్పుడు అందరూ ఏదో ఒకటి కొనుక్కుని వెళ్ళారు.

షట్టరు దించబోతూ విక్రమ్ అన్నాడు: "అమ్మా, నా దుకాణంల కొననీకొచ్చినోళ్ళను సూసిన, అమ్మనీకొచ్చినోళ్ళను సూసిన. చదివి నవ్వెటోన్ని ఇయాలనే సూసిన. అద్దాల పెట్టె క్యాన్సిల్. బెంచీ ఏపిస్త. ఇవి అమ్మెటియి కాదు, ఈడనే కూసొని చదివెటియి. అన్నను రమ్మనుండ్రి. అద్దాల పెట్టెకైతే తాళం సాలు. బెంచీకి మనిషి గావాలె. ఆ రెక్కలు ఎవలిచ్చిన్రో జెప్పెటోడు గావాలె."

అతను చెప్పింది చెప్పినట్టు రాశాను. నేను కలిపింది లేదు.

జేబులోది ఏం చేస్తావో నీ ఇష్టం.

అక్కయ్య

*

క్యాంపు
30 ఆగస్టు 2025

అక్కయ్యకు,

మామగారా! రెక్కలు మామగారివ్వడమేమిటి! గరుడాంగదుడికి పెళ్ళే కాలేదు, నాలాగే. రెక్కలు బీమా కంపెనీ గోదాములో దొరుకుతాయి, ఎవరూ క్లెయిము చెయ్యని సామానులో. అది తెలియకపోతే కథంతా ఏం చదివినట్టు? ఆ రవికాంత్‌గారిని నేనొచ్చేదాకా నోరు మెదపొద్దని చెప్పు.

జేబులోదాన్ని పొయ్యిలో వేశాను. వానకి నాని ఉంది, పొగ తప్ప మంట రాలేదు. వంటవాడు బుచ్చయ్య తిట్టిపోశాడు. రానని కొత్తది రాసి నిన్నటి జీపులో పంపాను.

బావగారికి కార్డు విడిగా రాశాను. పూర్తి దణ్ణాలు. జీళ్ళ కోత రద్దు.

నీ బొట్టు ఉత్తరం అందాక బెంచీ ఉత్తరం అందడానికి ఒక వారం పట్టింది. ఆ వారమంతా ఒకటే ఆలోచన. ఏటా ఆ రోజున నేనెక్కడున్నాను? ఒక ఏడు సొరంగంలో ఉండి ఉంటాను. ఒక ఏడు జ్వరంతో పడి ఉన్నాను. చాలా ఏళ్ళు ఎక్కడున్నానో గుర్తే లేదు. ఏ ఏడూ అది పండగని నాకు తెలియలేదు. ఇంట్లో నా పేరు చెప్పి పుస్తకం పుస్తకానికీ బొట్టు పెడుతున్నారని అసలే తెలియదు. మెసేజ్‌లో విక్రమ్ 'మచ్చలు' అని రాస్తే నేను ఆవకాయ అనుకున్నాను. నా బుద్ధి తిండి దాటి పోదు.

పండగ ముందు ఆదివారానికి చేరతాను. గౌహతి నుంచి రైలు. వెనక గదిలో బావగారి పేపర్ల కట్టలు తీయించు.

భార్గవ్

*

అమీర్‌పేట
12 సెప్టెంబర్ 2025

చిరంజీవి భార్గవ్‌కు ఆశీస్సులు.

నీ కార్డు చదివి మీ బావగారు పెరుగన్నంలో ఉప్పు వేసుకున్నారు. సుమశ్రీ జాడీ తిరిగి ఇచ్చింది. సగమే ఉంది. బాగుందని చెప్పమంది.

బెంచీ వచ్చింది. సాయంత్రాలు మీ బావగారు వెళ్ళి దాని మీద కూర్చుంటున్నారు. గోదాము సంగతి చెప్పాను. రవికాంత్ ఒప్పుకోవడం లేదు. మామగారే అంటున్నాడు. నువ్వొస్తే కానీ తేలదు. గది ఖాళీ చేయించాను.

నువ్వొచ్చిన మర్నాడే మూలా నక్షత్రం. పూజ షాపులోనే పెడదామని విక్రమ్ అన్నాడు. చంద్రమ్మ పూలు తెస్తానంది. డబ్బాల్లో ఉన్న వీరులకి కూడా బొట్టు పెట్టమన్నాడు. ఎక్కడ పెట్టమంటావని ముందే అడిగాను. "కవర్ల మీద పెట్టుండ్రి అమ్మా. తుడిస్తే పోవాలె" అన్నాడు. సరేనన్నాను. ఎవరి మడి వాళ్ళది.

నీ పుస్తకాలకి మాత్రం ఈ ఏడు నేను పెట్టను. ఊళ్ళో ఉన్న మనిషి పుస్తకానికి ఆ మనిషే పెట్టుకోవాలి.

కుంకుమ నేను తెస్తాను.

అక్కయ్య